ఆదివారం ఆఫీసుకు పోయే మనిషి

పోయిన వారం నా ట్రంకుపెట్టె బీగంచెవి కనపడకుండా పోయింది. మూడు దినాలు వెదికినా. బియ్యం డబ్బాలో చూసినా, దేవుని గూట్లో చూసినా, పాత చీరలన్నీ విదిలించి చూసినా. దొరకలేదు. మనవరాలు ఆఫీసుకు పోతా పోతా, "అవ్వా, సర్కిల్ దగ్గర కీలు చేసేవాడు కూర్చోనుంటాడు, పంపిస్తాలే" అని చెప్పి పోయింది. వాడు వచ్చినాడు. సంచిలోంచి ఏం తీసినాడనుకుంటారు? సుత్తి. రెండు దెబ్బలు కొట్టినాడు, బీగం రెండు ముక్కలైంది. చేయి చాపినాడు.

"ఇదేం పని నాయనా? సుత్తి మా ఇంట్లో గూడ ఉండాది కదా" అన్నా.

"ఓపెన్ అయిందా లేదా అవ్వా?" అన్నాడు వాడు.

ఆ రోజంతా నాకు కడుపు మండుతానే ఉండింది. వాడికిచ్చిన డబ్బులకు కాదు. సరే, డబ్బులకు గూడ. గాని ఆ రెండు ముక్కలు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే పక్కింటాయన గుర్తొచ్చినాడు. ఆయనుంటే ఈ బీగం చచ్చేది కాదు.

ఆయన పేరు రాయను. ఆ పేరు ఎన్నో ఏళ్ళు పోలీసు స్టేషన్లో రాసి పెట్టినారు. అక్కడ రాసింది చాలు.

మాది వైట్‌ఫీల్డుకు పోయే పాత దారిలో రాయిగుంత పక్కన కాలనీ. ఆ గుంతలో బండ కొట్టేదానికి కదిరి పక్కనుంచి, అనంతపురం పక్కనుంచి వచ్చినోళ్ళమే అందరమూ. తొంభైలు మొదలైన కొత్తలో గుంత మూసేసినారు. పని పోయింది, మనుషులు ఉండిపోయిరి. పని లేని మగోళ్ళు ఒకచోట చేరితే ఏమైతాదో వేరే చెప్పాల్నా? సారాయి వచ్చింది, పేకాట వచ్చింది. కొందరు ఊర్లోకి పోయి సైకిళ్ళు, రాగితీగెలు ఎత్తుకొచ్చిరి. బస్సులో మా స్టాపు వస్తానే కండక్టరు "జేబులు చూసుకోండప్పా" అని కేకేసేవాడు. అక్కడ దిగేది మేమే, మా జేబుల్లో చూసుకునేదానికి ఏముండాది?

కాలనీకి కొళాయి లేదు. మైలు దూరంలో తోట బోరు కాడికి పోయి బిందెలతో మోసుకోవాల. తోటాయన మోటరు వేసేది ఆయనిష్టం. మా ఆడపిల్లలు బడికి పోయే పొద్దంతా బిందెల వరసలోనే గడిచిపోయేది. నేను మూడో తరగతి కాడ ఆగిపోయినదాన్ని. నా బిడ్డ రెండో తరగతి కాడనే ఆ వరసలో నిలబడింది. అది నా గుండెలో ముల్లు.

కాపురం పెట్టిన తొలివారం మా ఆయన గుసగుసగా చెప్పినాడు. "పక్కింటాయన బీగాలు తీసే పనిలో ఉండినాడంట. ఇప్పుడు మానేసినానంటాడు. జాగ్రత్త."

"బీగాలు తీస్తే తప్పేముంది?"

"చెవి లేకుండా తీస్తాడే పిచ్చిదానా."

ఆ మంగళవారమే సంతకు పోయి, ఉన్నవాటిలో పెద్ద బీగం తెచ్చి వాకిలికి వేసినా. దాని బరువుకు గొళ్ళెమే వంగింది. పక్కింటి గడప మీద ఆయన కూర్చోని చూస్తా ఉండినాడు. సన్నగా, పొడుగ్గా, చెవుల మీద వెంట్రుకలతో. రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా కాదు, వెల్లకిలా పెట్టుకొని. ఆయన ఎక్కడ కూర్చున్నా అంతే, అరచేతులు నలుగురికీ కనపడాల.

"ఎంతకు కొంటివక్కా?" అన్నాడు.

నేను వంగిన గొళ్ళేన్ని సరిచేసుకుంటా ఉండిపోతి.

"బీగం ఎంత పెద్దగుంటే లోపల అంత తక్కువుంటాదక్కా" అని నవ్వినాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిజం చెప్పినాడు కాబట్టే ఎక్కింది. లోపల ఉండేది రెండు బొచ్చెలు, ఒక చాప, ఈ ట్రంకుపెట్టె.

నెల తిరగలేదు, నీళ్ళు మోసుకొస్తా చెవి ఎక్కడో పారేసుకున్నా. నెత్తిన బిందె, చంకన బిడ్డ, ముందర ఆ పెద్ద బీగం. మా ఆయన పొద్దుగూకితే గాని రాడు. పక్కింటాయన తన గడప మీదనుంచి లేచి నిలబడినాడు గాని అడుగు ముందుకు వేయలేదు.

"పిలిస్తే వస్తానక్కా. పిలవకుంటే రాను."

పిలవక ఏం చేస్తా? పిలిచినా.

"ఒక కొప్పుపిన్ను ఇయ్యి."

ఇచ్చినా. పిన్నును వంచి, కండ్లు మూసుకొని, చంటిబిడ్డ గుండె కాడ చెవి పెట్టినట్ల బీగానికి చెవి ఆనించినాడు. "రా తల్లీ, రా" అన్నాడు దాంతో. అది టక్కుమనింది. వెంటనే మూడడుగులు వెనక్కి వేసి, రెండు అరచేతులూ పైకెత్తి చూపించి, ఇంట్లోకి కన్ను పడకుండా మొగం పక్కకు తిప్పుకున్నాడు. ఆ పైన గడపరాయి మీద పిన్నును రాసి రాసి చక్కగా చేసి నా చేతికిచ్చినాడు.

"వంకర ఉందేమో చూసుకో."

చూసినా. లేదు. ఆ పెద్ద బీగాన్ని ఆ దినమే వాకిలినుంచి తీసి ట్రంకుపెట్టెకు వేసినా. కొన్నదాన్ని పారేయలేను కదా. పోయిన వారం సుత్తి దెబ్బకు చచ్చింది అదే.

ఆయన ఒక్కరి ఇంట్లోకి గూడ అడుగు పెట్టేవాడు కాదు. వాకిలి బార్లా తీసున్నా తలుపు చట్రాన్ని వేలితో రెండుసార్లు తట్టి బయటనే నిలబడేవాడు. పెండ్లిలో అన్నం గూడ పందిరి బయటనే. అలవాటు ముదిరి తన ఇంటికే తట్టేవాడు. లోపలినుంచి ఆయన పెండ్లాం అరిచేది: "ఇది నీ ఇల్లేనయ్యా! నేను నీ పెండ్లాన్నే! దినామూ ఎన్నిసార్లు చెప్పాల?" ఆయన మాత్రం ఆమె "రా" అనేదాకా కదిలేవాడు కాదు.

పాత పని మానేసి చానా ఏళ్ళయింది. సైకిలు మీద తిరిగి స్టవ్వులు, గొడుగులు, బీగాలు బాగుచేసేవాడు. గాని స్టేషన్లో రౌడీ షీటు అని ఒకటుంటాది. అందులో పేరు ఎక్కితే పనులు మానినా పేరు మానదు. ప్రతి ఆదివారమూ పోయి సంతకం పెట్టాల. ఆదివారం పొద్దున ఇత్తడి చెంబులో నిప్పులేసి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకొని, తలకు నూనె పెట్టి, పెండ్లికి పోయినట్ల బయలుదేరేవాడు.

"ఆఫీసుకు పోయొస్తానక్కా."

"ఎప్పుడిస్తారప్పా నీకు రిటైర్మెంటు?" అనేదాన్ని నేను.

"మన సర్వీసు పెద్దదక్కా. అంత సులభంగా వదులుకుంటారా?"

వినాయకచవితి ముందర, ఓట్ల ముందర షీటులో ఉండేవాళ్ళందరినీ స్టేషన్ ఆవరణలో ఎండకు వరసగా నిలబెట్టి పెద్దసారు హెచ్చరిక చేసేవాడు. ఆయన దానికి కుండెడు మజ్జిగ కలిపించుకొని పోయేవాడు. మొదటి లోటా పోలీసులకే. "నిలబెట్టేవాళ్ళకు గూడ అదే ఎండ కదక్కా" అనేవాడు.

ఒకసారి స్టేషన్లో ఇనుప బీరువా చెవి పోయింది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరు చిందులు తొక్కుతా ఉంటే, చింతామణి పక్కనుంచి వచ్చిన మన తెలుగు పోలీసాయన ఈయన్ని పిలుచుకొని పోయినాడు. జరిగింది మాకు చెప్పింది గూడ ఆ పోలీసాయనే. ఈయన బీరువాకు చెవి ఆనించినాడు, "రా తల్లీ" అన్నాడు, అది తెరుచుకునింది. తెరిచి చూస్తే ముందర వరసలోనే రౌడీ షీట్ల కట్ట. పైన ఈయన ఫోటోనే. ఈయన మూడడుగులు వెనక్కి వేసి అరచేతులు ఎత్తి నిలబడినాడంట.

పోలీసాయన నవ్వులాటకు, "ఏమప్పా, నీ కాగితం చేతికందేంత దూరంలో ఉంది కదా, ఎత్తుకొని పోరాదా?" అన్నాడంట.

"నేను తీసుకుంటే దొంగతనం సార్. మీరిస్తే మర్యాద" అన్నాడంట ఈయన.

ఇన్‌స్పెక్టరు ఆ మాట విని కట్టలోంచి ఆ కాగితం బయటికి తీసినాడంట. ఆ పైన, "అర్జీ పెట్టుకో. నెలాఖరుకు నీ పేరు కొట్టేయిస్తా" అన్నాడు.

ఆ నెలలో ఆయన కాళ్ళు నేలమీద లేవు. దానికి ఇంకో కారణం గూడ ఉండింది. వైట్‌ఫీల్డులో కొత్త అపార్టుమెంటోళ్ళు వాచ్‌మన్ పని ఇస్తామని మాటిచ్చినారు. టోపీ ఇస్తారు, కుర్చీ ఇస్తారు. షీటులో పేరు లేదని స్టేషన్ కాగితం తెస్తే చాలు. ఈయన ముందుగానే పోయి ఒక విజిలు కొనుక్కున్నాడు. దినామూ గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకునేవాడు, ఊదేవాడు కాదు.

"ఒకసారి ఊది చూడరాదా అప్పా, మోగుతాదో లేదో?"

"కాగితం రానీ అక్కా. ఉద్యోగం లేకుండా విజిలేస్తే మనల్నే పట్టుకుంటారు."

సరిగ్గా ఆ నెలలోనే సర్కారు పథకం వచ్చింది. కళ్ళద్దాల ఆఫీసరమ్మ ఒకామె జీపులో వచ్చి, మా అరుగు మీద కూర్చోని, ఫారాలు పరిచింది. పేదరికమూ నేరాలూ ఎక్కువుండే కాలనీలకు సర్కారు డబ్బులిస్తాదంట. కొళాయిలు, మురికికాలవలు, పిల్లోళ్ళకు బాలవాడి. మా ఆడోళ్ళందరూ బిందెలు దించేసి చుట్టూ చేరినారు. గుడిసెలు లెక్క పెట్టినారు, కార్డులు లేనోళ్ళను లెక్క పెట్టినారు. అంతా సరిపోయింది. చివర్లో ఆమె పెన్ను ఆగిపోయింది.

"రౌడీ షీటులో ఉండేవాళ్ళు ఒకరు తక్కువవుతున్నారమ్మా. నెలాఖరు లెక్క పంపాలి. ఒకరి పేరు కొట్టేస్తున్నామని స్టేషన్లో చెప్పినారు. ఆ ఒక్కరు లేకుంటే మీ కాలనీ లిస్టులో రాదు."

ఇన్నేళ్ళూ ఎక్కువుండారని మమ్మల్ని తరిమినారు. ఆ దినం తక్కువుండారన్నారు! ఆ పైన మొదలైంది చూడండి.

"మా ఆయన పేరు రాసుకోండమ్మా, నిరుడు కోడిని ఎత్తుకొచ్చినాడు!"

"కోడి ఒక లెక్కా? మా మరిది కరెంటు తీగ తెచ్చినాడు!"

ఒక ముసలామె అందరినీ తోసుకొని ముందుకొచ్చింది. "మా అల్లుణ్ణి రాసుకో తల్లీ. వాడు చేయని నేరం లేదు."

అల్లుడు వెనకనే ఉండాడు పాపం. "అత్తా, నేనేం చేసినా?" అంటాడు.

"నువ్వు ఊరుకో. ఇప్పుడన్నా పనికిరా."

ఆఫీసరమ్మకు నవ్వాపుకోను చేతకాలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, "అట్ల కాదమ్మా, స్టేషన్ పుస్తకంలో ముందునుంచి ఉండాలి" అని చెప్పి, మూడు దినాల్లో మళ్ళా వస్తానని పోయింది.

నవ్వులు ఆగినాయి. కొట్టేసే ఆ ఒక్క పేరు ఎవరిదో అందరికీ తెలుసు, ఆయనకు గూడ.

ఆడోళ్ళు నా మీద పడినారు. "నీ మాటైతే వింటాడు అత్తా. ఒక్క ఏడాది ఆగమని చెప్పు. ఆ పైన కొట్టేయించుకోమను." నేను కుదరదన్నా. ఎవరి పేరు వాళ్ళ సొంతం, అడిగే హక్కు మనకేముండాదన్నా. అంటానే బోరు కాడ వరస కనపడింది. వరసలో నా బిడ్డ, బిందె మీద పలక పెట్టుకొని కూర్చోనుండాది. నీళ్ళు వచ్చేలోగా నాలుగక్షరాలు దిద్దుదామని.

మరుదినం పొద్దున ఆయన వాకిలి ముందర నిలబడినా. ఆయన నిప్పుల చెంబుతో చొక్కా ఇస్త్రీ చేసుకుంటా ఉండాడు. విజిలు పక్కన గుడ్డ మీద మెరుస్తా ఉంది. అడగాలని నోరు తెరిచినా. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"కొంచెం ఉప్పుంటే ఇస్తావా అప్పా?"

ఆయన చెంబు పక్కకు పెట్టినాడు. లోపలికి పోయి ఆకులో ఉప్పు తెచ్చి, చేతికియ్యకూడదు కదా, గడప మీద పెట్టినాడు.

"అక్కా, పక్కింట్లో ఇన్నేళ్ళ నుంచి ఉండా. నువ్వు ఒకరి ఇంటి ఉప్పు అడిగే మనిషివి కాదు."

నేను గడప మీది ఆకు కోసం వంగినా.

"ఇంట్లో ఉప్పు నిండుగా ఉండాది కదా?"

"ఉండాది" అన్నా.

"అయితే ఇది గూడ తీసుకొని పో. తెచ్చింది ఎందుకు లోపలికి మళ్ళా?" అని చొక్కా తొడుక్కున్నాడు. తలకు నూనె పెట్టుకున్నాడు. విజిలును గుడ్డలో చుట్టి గూట్లో పెట్టినాడు. "ఆఫీసుకు పోయొస్తానక్కా" అన్నాడు.

ఆ దినం బుధవారం.

స్టేషన్లో ఏం జరిగిందో గూడ చింతామణి పోలీసాయనే చెప్పినాడు. ఈయన పోయి, "సార్, నా అర్జీ నాకిచ్చేయండి. ఏడాది తర్వాత మళ్ళా పెట్టుకుంటా" అన్నాడంట. ఇన్‌స్పెక్టరు కోపంగా, "పిచ్చెక్కిందా? ఎవరైనా బెదిరించినారా?" అని అడిగినాడంట.

"లేదు సార్. ఈ పేరుతో ఇన్నేళ్ళు కాలనీకి చెడ్డపేరు తెచ్చినా. ఒక్క ఏడాది దీంతో నీళ్ళు తెచ్చుకోనీయండి."

ఇన్‌స్పెక్టరు అర్జీ తీసి చేతికిచ్చినాడంట. "వచ్చే ఏడాది నేను ఇక్కడ లేకున్నా, నా తర్వాత వచ్చేవాడికి రాసిపెట్టి పోతా" అన్నాడంట.

ఆయన పెండ్లాం మాత్రం మూడు దినాలు ఆయనకు అన్నం పెట్టినా మాట పెట్టలేదు. నాలుగో దినం ఆయన వాకిలి తడితే, "రౌడీగారూ, లోపలికి దయచేయండి" అనింది. కాలనీ అంతా పడీపడీ నవ్వింది. అన్నింటికన్నా ఎక్కువగా నవ్వింది ఆయనే.

డబ్బులు వచ్చేదానికి ఏడాది దాటింది. వచ్చినాయి. గొట్టాలు వేసినారు. మొదటి దినం కొళాయిలో బుసబుసమని గాలి వచ్చి, ఎర్రమట్టి నీళ్ళు వచ్చి, ఆ పైన మంచినీళ్ళు వచ్చినాయి. ఆ ఎర్రనీళ్ళను గూడ నేను వదల్లేదు, అరుగు అలికేదానికి పట్టుకున్నా. పెద్దోళ్ళు వచ్చి పూలదండలు వేసుకొని పోయినారు. ఆయన వెనక వరసలో అరచేతులు తెరుచుకొని కూర్చోనుండాడు. నా బిడ్డ ఆ వారమే పలక తీసుకొని బడికి పోయింది. పోగొట్టుకున్న తరగతులను ఎట్లనో పట్టుకునింది. పోయిన వారం కీలోణ్ణి పంపించింది దాని బిడ్డే.

అపార్టుమెంటోళ్ళు అప్పటికే వేరేవాణ్ణి పెట్టుకున్నారు. పేరైతే కొళాయి వచ్చిన ఏడాదే కొట్టేసినారు, ఇన్‌స్పెక్టరు మాట తప్పలేదు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఆయనకు ఏం చేయాల్నో తోచలేదు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గడప మీద కూర్చోనుండినాడు.

"ఏమప్పా, ఈ దినం ఆఫీసుకు లేదా?" అన్నా.

"రిటైరైపోతినక్కా" అన్నాడు. దిగులు పడినట్లే కనపడినాడు.

నీళ్ళు దినం మార్చి దినం వదిలేవాళ్ళు. కాలనీ మొదట్లో గుంత తవ్వి, అందులో వాల్వు పెట్టి, ఇనుపమూత వేసి బీగం వేసినారు. నీళ్ళ ఆఫీసాయన సైకిలు మీద అంత దూరం వచ్చి తిప్పేదానికి విసిగిపోయి, "మీలో ఒకర్ని చూసుకోండి, చెవి ఇచ్చేస్తా" అన్నాడు. ఇంక చూడండి కొట్లాట. ఈ వీధోళ్ళకిస్తే ఆ వీధికి నీళ్ళు రావు, ఆ వీధోళ్ళకిస్తే ఈ వీధికి రావు. ఎవరో మా పక్కింటాయన పేరు చెప్తే, "దొంగ చేతికి బీగంచెవా?" అని ఇంకెవరో నవ్విరి.

నాకు ఒళ్ళు మండింది. "చెవి ఎవరి దగ్గరుంటే ఏమి? ఆయనకు తెరుచుకోని బీగమా అది? ఎట్లనూ తెరుచుకునేదే కదా. చెవి ఆయనకే ఇస్తే మర్యాదన్నా ఉంటాది" అన్నా.

నీళ్ళాయన చెవి చాపినాడు. ఈయన రెండు అరచేతులూ కలిపి, తీర్థం తీసుకున్నట్ల తీసుకున్నాడు. తెరిచి చూపించిన ఆ అరచేతులు ఖాళీగా కాకుండా నేను చూసింది ఆ ఒక్కసారే. చెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంటికి పోయి గూట్లోంచి విజిలు తెచ్చినాడు. అది ఎట్ల మోగిందంటే, గుంతలో పావురాలన్నీ లేచిపోయినాయి.

ఆ పైన ఎన్నో ఏళ్ళు ఆ విజిలే మా గడియారం. ఒక విజిలు పై వీధికి, రెండు కింది వీధికి. వరస తప్పి బిందె పెడితే ఎమ్మెల్యే చెల్లెలైనా సరే, విజిలే. నేనొకసారి వరస తప్పితే నాకు గూడ వేసినాడు. వారం మాట్లాడలేదు నేను. తప్పు నాదే గాని.

ఒక పొద్దున వాల్వు కాడికి పోతే, ఆయన వంగి కూర్చోని, కండ్లు మూసుకొని, "రా తల్లీ" అంటా ఉండాడు. చేతిలో కొప్పుపిన్ను.

"ఏమప్పా! మొలకు చెవి కట్టుకొని పిన్నుతో తీస్తావేమి?"

దొరికిపోయిన పిల్లోడిలాగ నవ్వినాడు. "వాడితే అరిగిపోతాదక్కా."

"అరిగితే సర్కారోళ్ళు ఇంకోటి ఇస్తారు."

"ఇంకోటిస్తారు. ఇదైతే ఇయ్యరు కదా" అన్నాడు.

నేను దుబారాను ఒప్పుకునేదాన్ని కాదు. ఆ మాట నాకు సబబుగానే తోచింది. కొప్పులోంచి ఇంకో పిన్ను తీసి ఇచ్చి వచ్చినా. సాయంత్రం గడప మీద పెట్టి పోయినాడు, వంకర లేకుండా.

ఆయన పోయి నాలుగైదేళ్ళయింది. సుఖంగానే పోయినాడు, నిద్రలో. పదకొండో దినం ఆయన పెండ్లాం ఆ చెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ పిన్నులు ఎన్ని వాడినాడో వదినా. ఇది నీ దగ్గరుండనీ" అనింది. అప్పటికే వాల్వూ లేదు, బీగమూ లేదు, కొత్త గొట్టాలు వచ్చేసినాయి.

పోయిన వారం సుత్తోడు పోయినాక, సాయంత్రం ఆఫీసునుంచి వచ్చిన మనవరాలు ఆత్రంగా ట్రంకుపెట్టె మూత ఎత్తింది. ఈ ముసల్ది ఇన్నేళ్ళు ఏం దాచిందో, గోల్డ్ ఉందేమో అని. రెండు దుప్పట్లు, నా పెండ్లిచీర. అడుగున గుడ్డలో చుట్టిన ఆ చెవి.

"ఇంతేనా అవ్వా? దీనికా అంత పెద్ద బీగం?" అనింది. చెవిని వెలుతురుకు పట్టి చూసింది. "ఒక్క గీత గూడ లేదే. కొత్తదా?"

"కొత్తదే" అన్నా.

పెట్టెకు మళ్ళా బీగం కొనలేదు. గొళ్ళేనికి ఒక కొప్పుపిన్ను దూర్చి పెట్టినా. వంకర లేనిది.